వేడి ఆరని ఇస్త్రీపెట్టె

ఆ ఇస్త్రీపెట్టె నా చేతికి వచ్చేటప్పటికి ఇంకా వేడిగానే ఉంది.

కర్నూలు పక్కన కల్లూరులో కొత్తగా లేచిన ఇళ్ల మధ్య, పొద్దున పదకొండు గంటల ఎండలో, నా ట్రాలీ ఆటో మెల్లగా పోతోంది. పైన కట్టిన చిన్న మైకులో నా భార్య గొంతు వినబడుతోంది: "పాత మిక్సీలు, పాత ఫ్యాన్లు, చెడిపోయిన కూలర్లు, గ్రైండర్లు తీసుకుంటామమ్మా." మగవాడి గొంతు వింటే ఆడవాళ్లు తలుపు తీయరని చెప్పి, ఆ మాటలు తనే ఫోనులో రికార్డు చేసి ఇచ్చింది. ఒక డాబా ఇంటి ప్రహరీ మీదుగా ఒక చెయ్యి పైకి లేచి ఆగమంది. బండి ఆపి దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు కూడా దాటని ఒకామె కొంగుతో పట్టుకొచ్చిన ఇస్త్రీపెట్టెను గోడ మీద పెట్టింది.

"ఇది తీస్కపో అన్నా."

ఎత్తబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "కాల్తాంది కదమ్మా. ఇది పనిచేస్తాంది."

"పనిచేస్తాంది. అయినా నాకొద్దు."

"బాగున్నదాన్ని ఎందుకిస్తావు? ఇంట్లో అడగరా?"

"అడిగితే నేను చెప్పుకుంటాలే. నాకేమీ ఇయ్యొద్దు. నువ్వు తీస్కపో."

ఆమె కుడిచెయ్యి మాత్రమే కదులుతోంది. ఎడమచేతిని పైట కింద దాచుకుని ఉంది. నేను దాన్ని చూశాను. చూసి కూడా, ఇస్త్రీపెట్టెను గోనెసంచిలో చుట్టి బండిలో పెట్టుకుని వచ్చేశాను.

మా తాత దూది ఏకేవాడు. మా నాయన పరుపులు కుట్టేవాడు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ పని పోయింది. నేను కర్నూలు పాతబస్తీలో ఒక మేస్త్రీ దగ్గర ఫ్యాన్లు, మిక్సీలు విప్పడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక మోటారు వైండింగు నా భార్యకు నేర్పాను. రెండేళ్లకే నన్ను మించిపోయింది. ఆమె చుట్టిన చుట్టలో రాగి తీగ ఒక వరస మీద ఇంకో వరస పేర్చినట్టు కూర్చుంటుంది. పట్నం వాళ్లు వద్దన్న సామాను మా రేకుల అంగట్లోకి వస్తుంది. మేం బాగుచేస్తే కోడుమూరు వైపు పల్లెలకూ, కొత్తగా కాపురం పెట్టిన వాళ్లకూ, అద్దె గదుల్లో చదువుకునే పిల్లలకూ పోతుంది. చేతులు మారి ఇంకో ఇంట్లో పదేళ్లు తిరిగిన ఫ్యాన్లు నాకు తెలుసు.

ఈ పనిలో ఉండి ఒక సంగతి తెలుసుకున్నాను. తిరిగి తిరిగి పాడైన మోటారు విప్పితే కాలిన వాసన వస్తుంది. విసిరికొట్టిన దానికి ఆ వాసన ఉండదు. తీగలన్నీ నిగనిగలాడుతూ ఉంటాయి, పైన మాత్రం మూల చొట్టపోయి ఉంటుంది. మిక్సీ గిన్నె జారిపడితే అడుగు సొట్టపోతుంది. మనిషి మీదికి విసిరితే అంచు వంగుతుంది. అట్లాంటివి నెలకు నాలుగైదైనా వస్తాయి. తెచ్చినవాళ్లు "కింద పడిందన్నా" అంటారు. మేం సుత్తితో సరిచేసి, మారుమాట్లాడకుండా ఇచ్చేస్తాం.

ఆ సాయంత్రం ఇస్త్రీపెట్టెను బల్ల మీద తిప్పిపెట్టాను. అడుగురేకు మీద ముదురు గోధుమరంగు మరక ఒకటి అంటుకుని ఉంది. నైలాను చీర కాలి అంటుకుందనుకుని, తడిగుడ్డతో తుడవమని నా భార్యకిచ్చాను. ఆమె గోటితో ఒకసారి గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత దాన్ని బల్ల మీద మెల్లగా దించేసి, బయటికి వెళ్లి చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చింది.

"ఇది బట్ట కాదు," అంది.

నేను బల్ల మీది స్క్రూలు ఏరసాగాను.

"ఆయమ్మ చెయ్యి చూసినావా నువ్వు?"

"చూడలే."

"చూసే ఉంటావు," అంది. ఆ అడుగురేకును ఉప్పు వేసి తనే తోమింది. ఎవరికీ అమ్మొద్దని చెప్పి, అన్నిటికన్నా పై అరలో పెట్టింది.

నెల గడిచాక అదే గోడ దగ్గర అదే చెయ్యి మళ్లీ లేచింది. ఈసారి నీళ్లు కాచే హీటరు కడ్డీ. కొత్తది, కొని మూడు నెలలు కూడా అయి ఉండదు. నేను దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"ఏమైందమ్మా?" అన్నాను.

"నీకేంటికన్నా?"

"ఊరికే అడిగినా."

ఆమె వీధి రెండు వైపులా చూసింది. భర్తకు బోరు బండి ఉందట. పదీ పదిహేను రోజులు బయట ఊళ్లలో తిరుగుతాడు. వచ్చి రెండు మూడు రోజులుంటాడు. నిన్న పోయాడు. ఆమె గొంతు కూరగాయల లెక్క చెబుతున్నంత మామూలుగా ఉంది.

"బక్కెట్లో నీళ్లు పోసి, ఇది పెట్టి, స్విచ్చేసినాడు. దాంట్లో చెయ్యి పెట్టమన్యాడు. ఎవురికి ఫోన్ చేస్తాండావో చెప్పు, చెప్పకపోతే పెట్టు అన్యాడు. మా యమ్మకు చేస్తానని చెప్పినా నమ్మలే."

"పెట్టినావా?"

"కరెంటు పోయింది. అందుకే ఈడ నిలబడుకోనుండా."

హీటరు కడ్డీ నా చేతిలో చల్లగా ఉంది. ఆమె పైట సర్దుకుంటున్నప్పుడు ఎడమ ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారం కనిపించింది. కోసుగా మొదలై రెండు వైపులా వెడల్పవుతున్న మచ్చ, మధ్యలో గులాబీ రంగు చర్మం. ఆ వస్తువుల్ని ఆమె ఎందుకు వద్దంటోందో అప్పటికి పూర్తిగా అర్థమైంది. ఒక్కొక్కటిగా వాటిని ఇంట్లోంచి దాటిస్తోంది.

తర్వాతి వారం నా భార్య నాతోపాటు ట్రాలీ ఎక్కింది. గోడ దగ్గర వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను కొంచెం దూరంలో బండి ఆనుకుని నిలబడ్డాను.

"సామాను ఎన్నని బయటేస్తావు?" అని అడిగింది నా భార్య. "ఇంట్లో రోకలుంటాది, కత్తిపీట ఉంటాది. ఆయనకు చేతులు ఉండానే ఉండాయి. నువ్వే బయటికి రా."

"యాడికి రావల్ల వదినా? మా యమ్మ సర్దుకోమంటాది. మా యన్న ఫోనే ఎత్తడు."

"మా ఇంటికి రా."

ఆమె నవ్వింది. నవ్వుతుంటే కింది పెదవి మీద మానుతున్న పగులు విచ్చుకుని చిన్న రక్తపు చుక్క వచ్చింది. నాలుకతో తుడుచుకుంది. "పోండి. పక్కింటోళ్లు చూస్తాండారు," అంది.

పక్కింటివాళ్లు నిజంగానే చూశారు. ఆమె భర్తకు చెప్పింది వాళ్లేనని తర్వాత తెలిసింది.

అతను మా అంగడికి వచ్చిన రోజు శుక్రవారం. నేను నమాజుకు పోయి వచ్చి అప్పుడే కూర్చున్నాను. లోపల నా భార్య ఒక నీళ్ల మోటారుకు చుట్ట చుడుతోంది. మోటారుసైకిలు ఆగింది. దిగినవాడు పెద్ద ఎత్తేమీ లేడు, కానీ మెడ, భుజాలు దిమ్మెలా ఉన్నాయి. బోరు పైపులు బిగించే పెద్ద పైపు పానా చేతిలో వేలాడుతోంది. బోరు బండి మనుషులు అప్పుడప్పుడు పనిముట్లు పట్టుకునే తిరుగుతారు కాబట్టి నాకు వెంటనే తట్టలేదు.

"ఆ మైకు బండి నీదేనా?"

"నాదేనన్నా. ఏం కావల్ల?"

అతను మాట్లాడకుండా అరలన్నీ చూశాడు. చూపు పై అర దగ్గర ఆగింది. ఇస్త్రీపెట్టె వైరుకు ఎర్ర టేపు చుట్టి ఉంది. అది తను చుట్టిందే అయి ఉంటుంది, గుర్తుపట్టాడు.

"నా ఇంటి సామాను నీ అంగట్లో ఏం చేస్తాంది?"

"ఆయమ్మే ఇచ్చిందన్నా. వద్దంటే తెచ్చినా."

"నా పెండ్లాం నీకేంటికిస్తాది? ఇంగేమిచ్చింది చెప్పు."

"అన్నా, కూసో. మాట్లాడదాం."

నా ఎడమచెయ్యి బల్ల మీద ఉంది. పానా దాని మీద పడింది. మొదట నొప్పి తెలియలేదు, శబ్దం మాత్రమే వినబడింది. ఎండు కొమ్మ తొక్కినట్టు. చూస్తే ఉంగరపు వేలూ చిటికెన వేలూ ఉండవలసిన తీరులో లేవు. గోరు పక్కనుంచి తెల్లగా ఎముక కనబడింది. అప్పుడు నొప్పి భుజం దాకా ఎగబాకింది. లేవబోయాను. రెండో దెబ్బ భుజం మీద పడింది. స్టూలుతో సహా వెనక్కి పడ్డాను. పడుతూ పట్టుకున్న అర ఊడివచ్చింది. ఫ్యాను రెక్కలు, మిక్సీ గిన్నెలు, ఆ ఇస్త్రీపెట్టె, అన్నీ నా పక్కనే గలగలా పడ్డాయి.

ఎదురుగా టీ అంగట్లో నలుగురైదుగురు లేచి నిలబడ్డారు. ఎవరూ రోడ్డు దాటలేదు.

అతను నా ఛాతీ మీద మోకాలు పెట్టి, కొత్త వైరు చుట్టలోంచి ఒక కొస లాగి నా మెడకు వేశాడు. రెండు చుట్లు వేసి, పిడికిళ్లకు మెలేసి లాగాడు. అతని నోట్లోంచి వక్కాకు వాసన వస్తోంది. "చెప్పు, ఇంగేమిచ్చింది?" అని అడుగుతూనే ఉన్నాడు. చెప్పడానికి నాకు ఊపిరి లేదు. చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. రేకుల కప్పులో సన్నటి చిల్లులు, వాటిలోంచి దిగే వెలుతురు గీతలు కనబడ్డాయి. అవి ఒక్కొక్కటే ఆరిపోయాయి.

నా భార్య అరవలేదు. వైండింగు మీద పోసే వార్నీషు డబ్బా మూత తీసి, అతని మొహం మీద మొత్తం కుమ్మరించింది.

అతను వైరు వదిలేసి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. మోకాళ్ల మీద కూలబడి, గుడ్డిగా గోడ తడుముకుంటూ పెద్దగా కేకలు పెట్టాడు. వార్నీషు అతని గడ్డం నుంచి జిగురుగా కారుతోంది. నేను మెడకున్న వైరు లాక్కుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పటికి ఆపద అయిపోయింది. ఈ మాట పోలీసులకు చెప్పలేదు, కోర్టులో చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను. అతనికి కళ్లు కనిపించడం లేదు. పానా ఎక్కడో బల్ల కింద ఉంది. నేను లేచి, నా భార్యను తీసుకుని రోడ్డు మీదికి నడిచిపోయి ఉండొచ్చు.

నేను కుడిచేత్తో ఇస్త్రీపెట్టె అందుకున్నాను.

మొదటి దెబ్బ దవడ మీద వేశాను. ఇనుము కిందుగా ఏదో కదిలి పక్కకు పోయినట్టు చేతికి తెలిసింది. రెండోది అదే చోట వేశాను. మూడోది చెవి మీద. అతను పక్కకు ఒరిగిపోయాక కూడా కొట్టాను. ఎన్నో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఇంకొకటి: అది నాకు హాయిగా ఉంది. దాహంతో ఉన్నవాడు నీళ్లు తాగుతుంటే గొంతులో ఉండే హాయి లాంటిది. ఆమె ముంజేతి మచ్చ కోసం కొడుతున్నానని నాకు నేను చెప్పుకుంటూ కొట్టాను. అది కొంతవరకే నిజం. నా చేతికి కొట్టడం నచ్చింది కాబట్టి కొట్టాను.

నా భార్య వెనక నుంచి నా చొక్కా పట్టి లాగింది. చొక్కా చిరిగింది. అప్పుడు ఆమె నా ముందుకు వచ్చి, నాకూ అతనికీ మధ్య నిలబడింది. నేను చెయ్యి ఎత్తే ఉన్నాను.

"చాల్లే. సచ్చిపోతాడు," అంది.

నా చెయ్యి దిగలేదు.

"నన్ను కొట్టిన పొద్దు గూడా నీ మొగం ఇట్లనే ఉండె," అంది.

చెయ్యి దించాను.

పెళ్లయిన మొదటి ఏడు, ఏదో అన్నం చల్లారిందనే మాట మీద, నేను ఆమె మీదికి మిక్సీ గిన్నె విసిరాను. కనుబొమ మీద తగిలి మూడు కుట్లు పడ్డాయి. అల్మారా తలుపు తగిలిందని అందరికీ నేనే చెప్పాను. ఆమె ఆ మాటను కాదనలేదు. ఆ గిన్నె అంచును తనే సుత్తితో సరిచేసి చాలా ఏళ్లు వాడింది. పన్నెండేళ్లలో ఆ రోజు గురించి ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. కింద రాగి తీగ ముక్కల మధ్య అతని పళ్లు రెండు పడి ఉన్నాయి. అతను బుడగలు బుడగలుగా రక్తం ఊదుతూ ఊపిరి తీస్తున్నాడు. టీ అంగడివాళ్లు అప్పుడు రోడ్డు దాటి వచ్చారు.

అతనికి దవడ రెండు చోట్ల విరిగింది, ఒక చెవి వినికిడి పోయింది. కళ్లు దక్కాయి. నాకు చిటికెన వేలు తీసేశారు, ఉంగరపు వేలు వంగదు. నేను దొంగతనం చేశాననీ, అడగడానికి వస్తే చంపబోయాననీ అతను కాగితం మీద రాసిచ్చాడు. దవడకు తీగలు బిగించడంతో నోరు తెరవలేడు.

స్టేషన్‌లో ఎస్సై బల్ల మీద ఇస్త్రీపెట్టె, హీటరు కడ్డీ పెట్టారు. ఆమెను పిలిపించారు. అతను ఒక బెంచీ మీద, నేను ఇంకో బెంచీ మీద కూర్చుని ఉన్నాం. అతని పక్కన అతని వైపు పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు.

"ఇవి నీవేనామ్మా?" అన్నాడు ఎస్సై.

"మా ఇంటివే."

"ఈయన ఎత్తుకపోయినాడా? నువ్విచ్చినావా?"

ఆ పెద్దమనిషి అందుకున్నాడు. "చూసి మాట్లాడు పాపా. కాపురం నీది."

ఆమె బల్ల మీది ఇస్త్రీపెట్టెను చూసింది. ఇవ్వలేదని ఒక్క మాట అంటే నేను దొంగనవుతాను. ఆమె భయపడితే తప్పు పట్టే హక్కు నాకుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

"నేనే ఇచ్చినా," అందామె. "ఇయ్యకపోతే నన్ను చంపుతాండె."

తర్వాత మహిళా కానిస్టేబుల్ వైపు తిరిగి, "లోపలికి పోదాం రా అక్కా, చూపిస్తా," అంది. ఇద్దరూ పక్కగదిలోకి వెళ్లారు. అక్కడి నుంచి ఏ మాటా వినబడలేదు. కొంతసేపటికి కానిస్టేబుల్ ఒక్కతే వచ్చి, గ్లాసుతో నీళ్లు తీసుకుని మళ్లీ లోపలికి పోయింది. రెండోసారి వచ్చినప్పుడు ఎస్సైతో, "ఆయమ్మ చెప్పేది నేనే రాసుకుంటా సార్, శానా ఉండాది," అంది. కుర్చీ లాక్కుని లోపలికి తీసుకుపోయింది.

దొంగతనం మాట ఆ రోజుతో పోయింది. కొట్టిన కేసు పోలేదు. నేను పదిహేను రోజులు లోపల ఉండి వచ్చాను. రెండు వైపుల కేసులూ ఇంకా నడుస్తున్నాయి.

నేను లోపల ఉన్నప్పుడు అతని భార్య మా ఇంట్లోనే ఉంది. తొమ్మిదో రోజు ఆమె అన్న వచ్చి కోడుమూరు దగ్గర వాళ్ల ఊరికి తీసుకుపోయాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. అతనికి దవడ తీగలు విప్పాక, ఆమె తిరిగి అతని ఇంటికే పోయింది. ఆ కబురు విని నా భార్య ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఇంత చేసి ఏమాయె?" అన్నాను నేను.

"నువ్వు చేసింది ఆయమ్మ కోసమా?" అంది ఆమె. నేను విరగ్గొట్టింది ఒక దవడను మాత్రమే. ఆ తర్వాత కూడా ఆ ఇంట్లో ఆమెకు దెబ్బలు ఆగలేదని విన్నాను. అప్పట్నుంచి అతను ఎక్కువగా వైరు వాడేవాడని కూడా విన్నాను. వానాకాలంలో నా చెయ్యి సలిపినప్పుడల్లా, ఆ దవడ ఇనుము కింద పక్కకు పోయిన తీరు కుడిచేతికి మళ్లీ తెలుస్తుంది. అప్పుడు లేచి నడుస్తాను. నా భార్యకు ఎంత కోపం వచ్చినా, నాకు ఎంత కోపం వచ్చినా, ఇంట్లోంచి బయటికి నడవడం ఒక్కటే నాకు చేతనయింది.

మరుసటి ఎండాకాలం మొదట్లో మా అంగడికి మంత్రాలయం నుంచి ఫోను వచ్చింది. నా భార్య ఎత్తింది. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఇస్త్రీపెట్టె ఇచ్చిన ఆమే ఫోను చేసింది. ఒకరోజు పొద్దున పది గంటలకు, అతను ఇంట్లో కూర్చుని తింటుండగానే, ఒక సంచి తీసుకుని గేటు దాటిందట. అతను పిలిచాడట, లేవలేదట. చేతిలో అన్నం ఉంది కాబట్టి లేవలేదేమో, తనకు తెలియదని చెప్పింది. స్టేషన్‌లో ఆమె మాటలు రాసుకున్న కానిస్టేబుల్‌కు తెలిసినవాళ్లు మంత్రాలయంలో ఒక లాడ్జి నడుపుతారు. అక్కడ గదులు చూసుకునే పని దొరికింది.

లాడ్జిలో ఏసీలు పెట్టారు. పాత కూలర్లు పన్నెండు ఉన్నాయి, ఎవరికైనా ఇచ్చేయమని యజమాని చెప్పాడట. ఇద్దరం ట్రాలీలో పోయాం. ఆమె మెట్ల దగ్గర తాళాల గుత్తితో నిలబడి ఉంది. కొంచెం లావైంది. మమ్మల్ని చూసి దగ్గరికి రాలేదు, కాసేపు అక్కడే నిలబడి చూసింది. తర్వాత వచ్చి నా భార్య చెయ్యి పట్టుకుంది. నా ఎడమచేతిని చూసి తల తిప్పుకుంది.

"అన్నా, పదే తీస్కపో," అంది. "రెండు ఈడ ఊడ్చేటోళ్లకు కావల్ల. రేకులిండ్లలో ఉండారు పాపం, మాడిపోతాండారు. వాటికి పంపు మాత్రం సరిగ్గా చేసియ్యి."

నా భార్య మెట్ల మీదే కూర్చుని ఒక కూలరు పంపు విప్పింది. ఆమె వచ్చి పక్కనే గొంతుక్కూర్చుని, ఏ తీగ ఎక్కడికి పోతుందో అడుగుతోంది. రెండోదాన్ని నా భార్య ముట్టుకోలేదు, "నువ్వు చెయ్యి" అని స్క్రూడ్రైవరు ఆమెకే ఇచ్చింది. మొదటిసారి తప్పు బిగించింది. మళ్లీ విప్పి బిగించి, నీళ్లు పోసి స్విచ్చి వేసేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వేసింది. నీళ్లు గడ్డి మీదికి ఎక్కి బొట్లు బొట్లుగా కారాయి.

ఊడ్చే ఆడవాళ్లు అప్పటికే వచ్చి ఎదురుచూస్తున్నారు. నేను మిగతా పదింటినీ బండికి తాళ్లతో కట్టేలోపే వాళ్లు ఒక కూలరును చెరోవైపు పట్టుకుని, నీళ్లు కూడా వంపకుండా, చీరలు తడుపుకుంటూ, నది వైపు సందులోకి ఎత్తుకుపోయారు.